ఏడో తరగతికి సుస్థిర వ్యవసాయం: సీసాలో కంపోస్టు కుళ్ళుతోంది, పేపర్లో నినాదాలు వస్తున్నాయి

ఏడు_బి_సైన్స్
సుస్థిర వ్యవసాయం, పర్యావరణం మీద 8 వారాల యూనిట్. వారానికి రెండు పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు, 42 మంది పిల్లలు. మూడు వారాలు అయిపోయాయి. చిక్కులు రెండు.
ఒకటి: 2 లీటర్ల ప్లాస్టిక్ సీసాల్లో ఏడు గ్రూపుల చేత కంపోస్టు పెట్టించాను. అయిదు సీసాలు ముక్కు మూసుకునేలా ఉన్నాయి. ఒకటి ఎండిపోయి పెట్టింది పెట్టినట్టే ఉంది. ఒక్కటే పర్వాలేదు. కంపోస్టు వేడెక్కుతుందని చెప్పాం కానీ థర్మామీటరు గది ఉష్ణోగ్రత దాటలేదు.
రెండు: సుస్థిర వ్యవసాయం అంటే ఏమిటని రాయమంటే 42 పేపర్లలోనూ ఒకే జవాబు. రసాయనాలు చెడ్డవి, సేంద్రియం మంచిది, చెట్లు నాటాలి. ఎందుకు అంటే మళ్ళీ అదే వాక్యం.
ఇంకా 5 వారాలుంది. కిటికీ గట్టు, బయట 4 చదరపు మీటర్ల ఖాళీ నేల, అంతే ఉన్న చోటు. ఏం చేయించాలి?

కుళ్ళుగుంత
కంపు ఎలాంటిది? కుళ్ళిన కోడిగుడ్డు వాసనా, ముక్కు మండే ఘాటా? రెండింటికీ మందు వేరు.

ఏడు_బి_సైన్స్
నాలుగు కోడిగుడ్డు. ఒకటి ఘాటు.

కుళ్ళుగుంత
అయితే నాలుగింటికి గాలి చాలడం లేదు, తడి ఎక్కువైంది. అయిదోదానికి పచ్చి సరుకు ఎక్కువైంది, మిగులు నత్రజని అమ్మోనియాగా బయటికి పోతోంది.
కొలతలు ఇవి. ఘనపరిమాణంలో మూడు పాళ్ళు ఎండు సరుకు (ఎండుటాకులు, చింపిన అట్టముక్కలు), ఒక పాలు పచ్చిది (కూరగాయ తొక్కులు, కోసిన గడ్డి). ఏ ముక్కా 2, 3 సెంటీమీటర్లకు మించకూడదు. సీసా అడుగున 5 సెంటీమీటర్ల మందాన పుల్లలు పరవాలి, లేకపోతే దిగిన నీరు అక్కడే నిలిచి కుళ్ళు మొదలవుతుంది. పక్కలా అడుగునా కలిపి 20, 25 రంధ్రాలు. వేడి మేకుతో టీచరే పొడవాలి, పిల్లల చేతికి ఇవ్వద్దు. గుప్పెడు మామూలు తోటమట్టి కలపాలి, పనిచేసే సూక్ష్మజీవులు దాంతోనే వస్తాయి.
తడికి పిండి చూడడమే పరీక్ష: గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే తడి ఎక్కువ. చెయ్యి తడవకపోతే ఎండిపోయినట్టు. మీ ఆరో సీసా జబ్బు అదే.
ఇప్పుడున్న వాటిని పారబోయొద్దు. గిన్నెలో కుమ్మరించి చింపిన అట్ట కలిపి మళ్ళీ నింపండి. కోడిగుడ్డు వాసన రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఏ సీసాకు ఏ జబ్బో, ఏ మందు వేశారో ఆ గ్రూపు చేతే రాయించండి. అన్నీ సరిగ్గా కుదిరిన క్లాసు కంటే మీ క్లాసుకే నేర్చుకునేది ఎక్కువుంది.

ముక్కుపుడక
42 మందికి 5 కంపు సీసాలు. హాజరు తగ్గిందా పెరిగిందా?

ఏడు_బి_సైన్స్
పెరిగింది. పక్క సెక్షన్ వాళ్ళు కూడా వాసన చూడడానికి వస్తున్నారు.

ఆవిరిపొగ
వేడి సంగతి. 2 లీటర్ల సీసా వేడెక్కదు, ఎన్నాళ్ళు చూసినా అంతే. సూక్ష్మజీవులు వేడి పుట్టిస్తూనే ఉంటాయి, కానీ సీసా చిన్నది కాబట్టి దాని పరిమాణానికి ఉపరితలం చాలా ఎక్కువ, పుట్టింది పుట్టినట్టే బయటికి పోతుంది. కుప్ప 55, 60 డిగ్రీలకు చేరాలంటే అటూ ఇటూ ఒక ఘన మీటరు ఉండాలి.
వేడి చూపించాలంటే థర్మాస్ ఫ్లాస్కులు రెండు చాలు. ఒకదాంట్లో రాత్రంతా నానబెట్టి మొలక కట్టిన గింజలు. రెండోదాంట్లో అవే గింజలు, ఉడకబెట్టి చల్లార్చినవి. దూది బిరడా పెట్టి, థర్మామీటరు బల్బు గింజల మధ్యకు వచ్చేలా దించి, మూడు రోజులు పొద్దున, మధ్యాహ్నం రాయించండి. మొలకల ఫ్లాస్కు కొన్ని డిగ్రీలు పైకి పోతుంది.
ఇక్కడ ఒక దెబ్బ ఉంది. ఉడికిన గింజల మీద రెండో రోజుకు బాక్టీరియా, బూజు పడితే ఆ ఫ్లాస్కూ వేడెక్కి పోలిక చెడిపోతుంది. అందుకని రెండు రకాల గింజలనూ పలుచటి క్రిమిసంహారక ద్రావణంలో కడిగి వేయాలి. రబ్బరు బిరడా బిగించొద్దు, మొలకలకు ఊపిరాడదు.

లెక్కలచిట్టా
రెండో చిక్కుకు వస్తా. నినాదం ఎందుకొస్తోందంటే పిల్లల చేతిలో అంకె లేదు. మంచి, చెడు అనే మాటలను రెండు పీరియడ్లు పక్కన పెట్టి జమాఖర్చు రాయించండి. పొలం నుంచి ఏం బయటికి పోయింది, ఏం తిరిగొచ్చింది.
గోధుమ తీసుకోండి. 100 కిలోల గింజల్లో ప్రోటీన్ 11.4 కిలోలు అనుకుందాం. గోధుమ ప్రోటీన్‌ను 5.7తో భాగిస్తే నత్రజని వస్తుంది, అంటే 2 కిలోలు. టన్ను గింజలు పొలం దాటితే 20 కిలోల నత్రజని దాటినట్టు. వేరే ఆహార పదార్థాలకు 6.25తో భాగించడం మామూలు. ప్రోటీన్ ఎంతో ప్యాకెట్ల మీదే ఉంటుంది, పిల్లలే తెచ్చి లెక్క కడతారు.
ఇప్పుడు ఆ 20 కిలోలు తిరిగి ఎలా పెట్టాలి? యూరియాలో నత్రజని 46 శాతం. 20ని 0.46తో భాగిస్తే సుమారు 43.5 కిలోలు, ఒక్క బస్తా. కంపోస్టులో 1 శాతం అనుకుంటే 2,000 కిలోలు. ఒకరు బుజాన మోసుకెళ్ళే బస్తా ఒక పక్క, బండి కట్టాల్సిన కుప్ప ఇంకో పక్క. రైతు యూరియా ఎందుకు వేస్తాడన్నది ఆ ఒక్క భాగహారంతో తెలుస్తుంది, తిట్టాల్సిన పని ఉండదు.

పచ్చిరొట్ట
లెక్క సరే, నాకు అభ్యంతరం ఉంది. ఈ జమాఖర్చు ఒక్కటే చేయిస్తే పిల్లలకు నేల అంటే నత్రజని నింపే డబ్బా అనిపిస్తుంది. కంపోస్టు పనికిమాలినదన్న నినాదం పుట్టుకొస్తుంది, పాత నినాదం తిరగేసినట్టు. కంపోస్టు ఇచ్చేది నత్రజని ఒక్కటే కాదు. కర్బనం, నీరు పట్టే గుణం, మట్టి కణాలను పట్టి ఉంచే జిగురు. ఇవి యూరియా బస్తాలో లేవు.

లెక్కలచిట్టా
@పచ్చిరొట్ట ఒప్పుకుంటా. ఆ 2,000 కిలోల కంపోస్టులోని 20 కిలోల నత్రజనిలో మొదటి ఏడు మొక్కకు అందేది 2 నుంచి 4 కిలోలే, మిగతాది నెమ్మదిగా విడుదలవుతుంది. అదీ చిట్టాలో రాయాల్సిందే. నీటి కాలమ్ మీరు చెప్పండి, కలుపుదాం.

పచ్చిరొట్ట
నీటి కాలమ్ ఇదిగో. ఎండబెట్టి జల్లించిన మట్టి 100 గ్రాములు ఒక గరాటులో. 90 గ్రాముల మట్టి, 10 గ్రాముల ఎండు కంపోస్టు కలిపింది ఇంకో గరాటులో. రెండింటికీ అడుగున ఒకే రకం గుడ్డ. 100 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి కింద ఎంత దిగిందో కొలవాలి. పోసిందాంట్లోంచి దిగింది తీసేస్తే మట్టి పట్టుకున్నది.
మొదటిసారి చాలామందికి ఫలితం తిరగబడుతుంది. పూర్తిగా ఎండిన కంపోస్టు నీటిని తోసేస్తుంది, పోసింది పోసినట్టు కిందికి జారిపోతుంది. గరాటు మూతి వేలితోనో బంకతోనో మూసి, నీళ్ళు పోసి, 15 నిమిషాలు నాననిచ్చి అప్పుడు తెరవండి. ఒక్కో రకానికి మూడు గరాటులు పెట్టి సగటు తీయండి. ఒక్క గరాటు అంకెను నమ్మొద్దు.

ఆకుచాటు
ముందు మట్టి ఏ రకమో తెలియాలి కదా. సన్నటి పొడుగాటి గాజు సీసాలో మూడో వంతు పొడి చేసిన మట్టి, నిండా నీళ్ళు, రెండు చుక్కల గిన్నెలు తోమే సబ్బు. 5 నిమిషాలు గట్టిగా ఊపి కదలని చోట పెట్టాలి. నిమిషానికి ఇసుక గీత, 2 గంటలకు ఒండ్రు గీత, 48 గంటలకు బంకమన్ను గీత. స్కేలుతో ఎత్తులు కొలిచి శాతాలు కట్టడమే.
మొదటి నిమిషం గీత తప్పితే మొత్తం తప్పుతుంది, ఇసుక మీద ఒండ్రు కూర్చున్నాక రెండింటి మధ్య గీత ఎక్కడో ఎవరూ చెప్పలేరు. మార్కర్ పెన్ మూత తీసి చేతిలో పెట్టుకునే ఊపడం ఆపాలి. పైన తేలే నల్లటి చెత్త సేంద్రియ పదార్థం, దాన్ని బంకమన్నులో కలపొద్దు.

ముక్కుపుడక
48 గంటలు కదలని చోటు. మిడిల్ స్కూల్లో. ఎక్కడుంటుందండీ అది?

ఆకుచాటు
బీరువా పైన. తాళం వేస్తే ఇంకా మంచిది.

వానపాము_22
నేల కోత ప్రయోగం ఎవరూ చెప్పలేదేం? ఈ వయసుకు దాన్ని మించింది లేదు. మూడు సీసాలను పక్కకు పడుకోబెట్టి పైభాగం నిలువునా కోసేయాలి. మూడింట్లోనూ ఒకే మట్టి, ఒకే బరువు. ఒకటి వట్టి మట్టి, ఒకటి మీద ఎండుటాకులు, ఒకదాంట్లో మొలిచిన మొక్కలు. మూతుల కింద కప్పులు. నీళ్ళు పోస్తే వట్టి మట్టి సీసా కింద టీ రంగు, మొక్కల సీసా కింద తేట నీరు.

ల్యాబ్_కుర్చీ
అందరూ ఇంతే చెబుతారు. ఆ తర్వాత క్లాసులో మూడు కప్పుల్లోనూ బురదే వస్తుంది. ఎక్కడ చెడుతుందో చెబుతాను.
మొక్కలు. ఆవగింజలో గోధుమలో కనీసం 3 వారాల ముందు ఒత్తుగా చల్లాలి. వారం మొలకలకు మట్టిని పట్టుకునేంత వేళ్ళు ఉండవు. మీకు మిగిలింది 5 వారాలు కాబట్టి విత్తనం ఈ వారమే పడాలి.
మట్టి అంచు. సీసా మెడ అంచు కంటే మట్టి పైమట్టం అర సెంటీమీటరు కిందికి ఉండాలి. మరీ కిందికి ఉంటే నీరు నిలిచిపోతుంది, సమానంగా నింపితే మట్టి ముద్దలుగా జారిపడుతుంది. మూడింటినీ అరచేత్తో ఒకేలా అదమాలి.
వాలు. 30 సెంటీమీటర్ల సీసాకు వెనక 5 సెంటీమీటర్ల ఎత్తు. అంతకు మించితే ఆకులు కూడా కొట్టుకొస్తాయి, ఆకులు పనిచేయవని పిల్లలు రాసేస్తారు.
వాన. కప్పు వంచి ధారగా పోస్తే గుంట పడి అన్ని సీసాలూ ఓడిపోతాయి. కాగితపు కప్పు అడుగున 10 రంధ్రాలు పొడిచి, 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, ముందుకు వెనక్కు కదుపుతూ 500 మిల్లీలీటర్లు. పోసేది ఒకరే అయితే మంచిది.
కొలత. రంగు చూసి ఊరుకోవద్దు. ముందే తూచిన వడపోత కాగితంలో ఒక్కో కప్పు వడకట్టి, పూర్తిగా ఎండాక మళ్ళీ తూచండి. ఎన్ని గ్రాముల మట్టి పోయిందో తెలుస్తుంది. కిందికి దిగిన నీటి పరిమాణం కూడా రాయాలి. ఆకుల సీసా నుంచి వచ్చే నీరు తక్కువ, ఆలస్యంగా వస్తుంది. చాలామంది ఆ ముక్క వదిలేస్తారు.

వానపాము_22
సరే, నేను చెప్పింది ట్రైలర్, మీరు చెప్పింది సినిమా.

తొలకరి
నాలుగు చదరపు మీటర్ల నేలను అలా వదిలేశారేంటి అందరూ! నాలుగు మళ్ళు చేయండి, ఒక్కోటి 1 చదరపు మీటరు. ఒకటి వట్టి నేల. ఒకటి 7, 8 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు. ఒకటి ఒత్తుగా చిక్కుడు జాతి మొక్కలు. ఇంకోటి ఆకులూ మొక్కలూ రెండూ. 5 సెంటీమీటర్ల లోతున మట్టి ఉష్ణోగ్రత, ఎండ బాగా ఉన్నప్పుడు, వారానికి రెండుసార్లు.
తేమ కూడా కొలవొచ్చు. 100 గ్రాముల తడి మట్టి తూచి, పళ్ళెంలో పలుచగా పరిచి, బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టి మళ్ళీ తూచాలి. పోయిన బరువును ఎండు బరువుతో భాగించి 100తో గుణించాలి. తడి బరువుతో భాగించే పిల్లలు సగం మంది ఉంటారు, ముందే చెప్పండి.
చివరి వారం వానపాముల లెక్క. 4 లీటర్ల నీళ్ళలో 40 గ్రాముల ఆవపిండి కలిపి, 30 సెంటీమీటర్ల భుజం ఉన్న చదరంలో రెండు విడతలుగా పోసి 10 నిమిషాలు చూడాలి. ఆ ఘాటుకు పైకి వస్తాయి. వెంటనే మంచినీళ్ళలో కడిగి, లెక్కపెట్టి, పక్క మట్టిలో వదలాలి. ఎండిన నేలలో ఈ పని చేయొద్దు, వానపాములు లోతుకు పోయి ఉంటాయి, సున్నా వస్తుంది.

వానపాము_22
పైకి పిలిచి లెక్కపెట్టడం సరే, ముందు మర్యాదగా అడగండి.

పచ్చిరొట్ట
@తొలకరి ఆ మూడో మడిలో వేర్ల బుడిపెలు చూపించకుండా వదలొద్దు. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా ఉండేది వాటిలోనే. విత్తిన నాలుగో, అయిదో వారంలో పారతో మొక్క చుట్టూ తవ్వి మట్టితో సహా తీసి బకెట్ నీళ్ళలో జాడించాలి. పెరికితే బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి, పిల్లలు చేతిలో వట్టి వేరు పట్టుకుని నిలబడతారు. ఒక్కో బుడిపెను గోటితో చీల్చి రంగు చూడాలి. లోపల గులాబీ ఎరుపైతే పనిచేస్తున్నట్టు, ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్‌ది. తెల్లగా ఉంటే ఇంకా మొదలుపెట్టలేదు, ఆకుపచ్చగా ఉంటే పని అయిపోయింది.
కిటికీ గట్టు మీద అవే చిక్కుడు జాతి మొక్కలతో ఇంకో పోలిక: మూడు కుండీలకు మామూలు నీళ్ళు, మూడింటికి లీటరుకు 1 గ్రాము యూరియా కలిపిన నీళ్ళు వారానికి 50 మిల్లీలీటర్లు. యూరియా కుండీల్లో బుడిపెలు తగ్గుతాయి. నత్రజని తేరగా దొరికితే మొక్క బాక్టీరియాకు చక్కెర పెట్టి పోషించదు. ప్యాకెట్లో కొన్న శుద్ధి చేసిన మట్టి వాడితే రెండింట్లోనూ బుడిపెలు రాకపోవచ్చు, దాంట్లో ఆ బాక్టీరియా ఉండదు. ఇదివరకు ఆ జాతి పెరిగిన నేల నుంచి గుప్పెడు మట్టి కలపండి.

లెక్కలచిట్టా
దీన్నీ చిట్టాలోకి లాగుదాం. ఒక చదరపు మీటరు నేల మీద నిలబడ్డ గాలిలో 7 టన్నులకు పైగా నత్రజని ఉంది. మొక్క నేరుగా తీసుకోలేదు. ఫ్రిట్జ్ హాబర్ 1909లో దాన్ని ల్యాబ్‌లో అమ్మోనియాగా మార్చి చూపించాడు, కార్ల్ బాష్ 1913కల్లా ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. 400 డిగ్రీలు దాటిన వేడి, గాలి పీడనానికి వందల రెట్ల ఒత్తిడి కావాలి. అమ్మోనియాకు కావాల్సిన హైడ్రోజన్ ఎక్కువగా సహజవాయువు నుంచి వస్తుంది. అదే పని ఆ గులాబీ బుడిపె మామూలు వేడిమిలో చేస్తుంది, కూలి మాత్రం చక్కెర. యూరియా చేసేది ఆ ఫ్యాక్టరీ అమ్మోనియాతోనే, కాబట్టి దాని ఖర్చు పొలంలో కనపడదు, ఫ్యాక్టరీ దగ్గర మొదలవుతుంది. వేసిన నత్రజనిలో పంటకు అందేది ప్రపంచ సగటున సుమారు సగమే. మిగతాది నీళ్ళలోకో గాలిలోకో పోతుంది. గాలిలోకి పోయిన దాంట్లో కొంత నైట్రస్ ఆక్సైడ్, వందేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడి పట్టేది.

సందేహాలరావు
అంటే చివరికి రసాయనాలు చెడ్డవనే కదా తేలింది? పిల్లలు మొదట్లోనే రాశారు, మార్కులు వేసేయండి.

లెక్కలచిట్టా
చెడ్డవని తేలలేదు, ఖర్చు ఎక్కడ పడుతుందో తేలింది. సేంద్రియ సాగు దిగుబడి, పెద్ద పోలికల్లో, సగటున 19 నుంచి 25 శాతం తక్కువ. అంత పంట రావాలంటే ఎక్కువ నేల దున్నాలి. అదీ పర్యావరణ ఖర్చే.

కుళ్ళుగుంత
సహజం అంటే సురక్షితం అన్న మాటనూ పరీక్షకు పెట్టండి. శిలీంధ్రాలకు కొట్టే రాగి మందులకు సేంద్రియ సాగులో చాలా దేశాల్లో అనుమతి ఉంది. రాగి మూలకం, విచ్ఛిన్నం కాదు, ఏటేటా నేలలో పేరుకుంటుంది, ఎక్కువైతే వానపాములకు చేటు. అటు దున్నకుండా సాగు చేస్తే నేల కోత తగ్గుతుంది, కానీ కలుపు మందు మీద ఆధారపడటం పెరగొచ్చు. బిందు సేద్యం నీరు ఆదా చేస్తుంది, ప్లాస్టిక్ గొట్టాలు మిగులుస్తుంది. ఒక్కో పద్ధతికి ఒక్కో అట్టముక్క చేసి ముందు వైపు లాభం, వెనక వైపు ఖర్చు రాయించండి. వెనక ఖాళీగా ఉన్న అట్టను తీసుకోనని చెప్పండి.

ఏడు_బి_సైన్స్
అట్టల సంగతి నచ్చింది. నీటి కాలుష్యం చూపించడానికి ఏదైనా చిన్న ప్రయోగం ఉందా? ఎరువు చెరువులోకి పోతే నాచు పెరుగుతుందని చెప్పి ఊరుకున్నాను.

ల్యాబ్_కుర్చీ
నాలుగు జాడీలు, ఒక్కోదాంట్లో 500 మిల్లీలీటర్ల చెరువు నీరు. 1 గ్రాము కాంప్లెక్స్ ఎరువు (నత్రజనితో పాటు భాస్వరం కూడా ఉన్నది) 100 మిల్లీలీటర్లలో కరిగించి, జాడీలకు 0, 1, 5, 20 మిల్లీలీటర్లు. వెలుతురు పడాలి, ఎండ నేరుగా తగలకూడదు. మూత వదులుగా. 10 నుంచి 14 రోజులు.
కుళాయి నీళ్ళతో చేస్తే ఏమీ రాదు, దాంట్లో నాచు ఉండదు, క్లోరిన్ ఉంటుంది. యూరియా ఒక్కటే వేసినా తేడా అంతగా కనపడకపోవచ్చు. మంచినీటి చెరువుల్లో నాచుకు సాధారణంగా కరువయ్యేది భాస్వరం, అందుకే కాంప్లెక్స్ వాడమన్నది. అయ్యాక జాడీలు చెరువులోనో కాలువలోనో ఒంపొద్దు, మట్టిలో పోయండి. చేతులు సబ్బుతో కడగాలి.

ముక్కుపుడక
కంపోస్టు సీసాలు, నాచు జాడీలు, వానపాములు. హెడ్మాస్టర్ ఆ గది దరిదాపులకు వస్తారా ఇక?

ఆకుచాటు
పరీక్ష ప్రశ్న కూడా మార్చండి మేడమ్. "సుస్థిర వ్యవసాయం అంటే ఏమిటి" అంటే నినాదమే వస్తుంది. ఇలా అడగండి: కోత అయ్యాక పొలంలో గడ్డి తగలబెట్టారు. కర్బనం ఎటు పోయింది, నత్రజని ఎటు పోయింది, పొటాష్ ఎటు పోయింది? మొదటి రెండూ చాలావరకు గాలిలో కలుస్తాయి, పొటాష్ చాలావరకు బూడిదలో మిగులుతుంది. "పొగ వల్ల కాలుష్యం" అని మాత్రం రాస్తే మూడో వంతు మార్కులు.

సందేహాలరావు
ఆ ప్రశ్నకు నాకే మూడో వంతు వచ్చేది.

ఏడు_బి_సైన్స్
ఇలా సర్దుకుంటున్నా. ఈ వారం: సీసాలు కుమ్మరించి తిరిగి నింపడం, కోత సీసాలో ఆవాలు, బయట నాలుగు మళ్ళు, కిటికీలో ఆరు కుండీలు. వచ్చే వారం: మట్టి జాడీ, జమాఖర్చు. ఆ తర్వాత: గరాటులు, నాచు జాడీలు మొదలు. ఏడో వారం: కోత ప్రయోగం. ఎనిమిదో వారం: బుడిపెలు, వానపాములు, అట్టలు. ఫ్లాస్కులు రెండు దొరికితే మధ్యలో ఎక్కడో దూరుస్తాను. కంపోస్టు ఎనిమిదో వారానికి తయారవుతుందా?

కుళ్ళుగుంత
అవదు. మూడు వారాలు గాలి లేక పోయాయి. మీ చేతికొచ్చేది సగం కుళ్ళిన సరుకు, మొక్కలకు వేయొద్దు, మట్టిలోని నత్రజనిని అదే లాక్కుంటుంది. సీసాలో ఎత్తు ఎంత దిగిందో వారం వారం గీత గీయించండి, తూకం వేయించండి, మధ్యలో నీళ్ళు పోస్తే ఎన్ని పోశారో రాయించండి. యూనిట్ అయ్యాక అన్నీ ఒకే కుప్పలో వేసేయండి.

ల్యాబ్_కుర్చీ
ఆరు కుండీలకూ ఈ రోజే పేర్లు అంటించండి. నీళ్ళు పోసే పిల్లలు మారుతుంటారు, రెండో వారానికి యూరియా ఏ కుండీకి పోశారో ఎవరికీ గుర్తుండదు. కాగితం చీటీ తడిసి ఊడిపోతుంది, కుండీ మీదే పెయింటుతో రాయండి.